బొత్తాం కుట్టిన వక్కపెట్టె

జోగ్జా,
సెప్టెంబరు 9, 2006.

ఓయెనాని ఆరోగ్య ఉపకేంద్రానికి ఏకైక నర్సు, అక్కడి మందుల బీరువా తాళంచెవికి ఏకైక యజమానురాలు, నాకు ఏకైక అక్క అయిన అడోల్ఫినా తనేవో గారి సముఖానికి,

మీ తమ్ముడు డాక్టర్ మెల్కియానుస్ ఓడలో మూడు రోజులు వాంతులు చేసుకుని, నాలుగో రోజున నీతిమంతుడు కావడానికి ఇక్కడ జావాలో దిగాడు. మనిషి క్షేమం. కడుపు సంగతి ఇంకా తేలలేదు.

ఇక్కడ నాకు నేర్పేది పరిశోధన నీతి. కొత్త మందులు పరీక్షించేవాళ్ళు మనుషుల్ని ఎలుకల కింద జమకట్టకుండా ఉండటం ఎలా అనే శాస్త్రం. ఏడాది చదువు. డాక్టరు పట్టా పుచ్చుకున్నవాణ్ణి పట్టుకుని మళ్ళీ నీతి నేర్చుకు రమ్మన్నారంటే, మన జిల్లా అధికారులకు నా గురించి ఏదో గట్టి సమాచారమే అందివుండాలి.

క్లాసులో పద్నాలుగుమందిమి. మిగతావాళ్ళు లావోస్, నేపాల్, కంబోడియావాళ్ళు; మన తూర్పు దీవులనుంచి నేనొక్కణ్ణి. పాఠం చెప్పేది ప్రొఫెసర్ సుకేసి. జావా మనిషి. గొంతు ఎంత మెత్తనంటే, ఆవిడ తిట్టిందని మనకు మర్నాడు తెలుస్తుంది. మొదటిరోజు బోర్డు మీద మూడు వాక్యాలు రాసింది. మనిషిని అడగాలి. అడిగింది అర్థమైందో లేదో చూడాలి. వద్దంటే వదిలెయ్యాలి.

"దీనికి ఏడాదెందుకు మేడమ్?" అన్నాను.

"మొదటి రెండింటికీ వారం చాలు నాన్నా. మిగతా ఏడాదంతా మూడోదానికి" అంది.

తిండి మాట అడగకు. పనసకాయ కూరలో బెల్లం వేస్తారు. గుడ్డు మీద బెల్లం. పచ్చిమిరపకాయ అడిగితే దాన్నీ పాకంపట్టి తెచ్చేలా ఉన్నారు.

ఒకే ఒక చిక్కుంది. డిసెంబరులో ఒక్కొక్కరం ఒక నిజమైన కథ చెప్పాలట, పరిశోధనలో నీతి ఎక్కడ తప్పిందో చూపిస్తూ. బాగున్నవి పుస్తకంగా వేసి, తూర్పు దీవుల్లో ఆరోగ్య సిబ్బందికి పాఠాలు చెప్తారట. నేపాలు అతని దగ్గర నాలుగు కథలున్నాయి. నా దగ్గర సున్న. నేను ఇంతవరకూ ఎవర్నీ మోసం చేయలేదని మొదటిసారి సిగ్గుపడుతున్నాను.

గంటస్తంభం ఎక్కితేగాని నీ ఊళ్ళో ఫోను పలకదు కనుక ఉత్తరమే రాయి. మా అమ్మకు, అంటే నీ పిన్నికి, చదివి వినిపించు. వాంతుల భాగం వదిలెయ్యి.

మెల్కి


ఓయెనాని,
అక్టోబరు 2.

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నవ్వడానికి, ఒకసారి పిన్నికి వినిపించడానికి, ఇంకోసారి అందులో అసలు సంగతేమైనా ఉందేమోనని. లేదు. వాంతుల భాగమే పిన్నికి బాగా నచ్చింది. "చిన్నప్పుడూ అంతే, బస్సెక్కితే కక్కేవాడు" అని ఊరంతా చెప్పి వచ్చింది.

నవ్వులు చాలు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేని మాటొకటి రాస్తున్నాను.

ఆగస్టులో మలేరియా మాత్ర పరిశోధనవాళ్ళు వచ్చారు. ఏడాదిపాటు నెలనెలా వేలు పొడిచి రక్తం తీసుకుంటారు, మాత్ర ఇస్తారు. ఇంటికొకరు చొప్పున నూట ఇరవైమంది ఒప్పుకుని వేలిముద్ర వెయ్యాలి, పదిరోజుల్లో. కాగితాల కట్ట నా చేతికిచ్చి వాళ్ళు పక్క ఊరు పోయారు. నాది తొమ్మిదేళ్ళనుంచీ కాంట్రాక్టు ఉద్యోగమని నీకు తెలుసు. ఈ పని సవ్యంగా చేస్తే నన్ను పర్మనెంటు చెయ్యమని వాళ్ళ పెద్దాయన జిల్లాకు సిఫారసు రాస్తానన్నాడు.

మొదటి రెండ్రోజులూ ఇంటింటికీ వట్టి కాగితాలు పట్టుకుని తిరిగాను. "చూద్దాంలే అమ్మా" అన్నారు. మూడోరోజు నాయనమ్మ వక్కపెట్టె తీశాను.

ఇక నీకు వేరే చెప్పాలా? కోరిక ఉన్నవాడు పెట్టె చాపుతాడు. ఎదుటివాడు చెయ్యిపెట్టి వక్క తీసుకున్నాడంటే ఆ కోరిక ఒప్పుకున్నట్టే. తీసుకున్నాక కాదన్నవాడు మన కొండల్లో పుట్టలేదు. నాయనమ్మ పెట్టెను తోసేసేవాడు అసలే పుట్టలేదు. నేను ముందు పెట్టె చాపి, వాళ్ళు నమలడం మొదలుపెట్టాక కాగితం చదివాను. తెలిసే చేశాను మెల్కీ. సిరా పెట్టె ఎండిపోతే, నోట్లో ఎర్రగా ఊరినదాంట్లోనే బొటనవేలు అద్ది ముద్ర వేశారు. వారంలో నూట ఇరవై.

నిన్న ఊట దగ్గర లాంబెర్తస్ తాత కనిపించాడు. కుండ దించి, "ఫినా, నేను తీసుకున్నది నీ వక్క. వాళ్ళ సూదిని కాదు" అన్నాడు. అంతే. కుండ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నాకు అన్నం దిగడం లేదు.

నీతి చదువుతున్నావు కదా, చెప్పు. ఇది తప్పేనా? ఎంత తప్పు? ఇది నీకూ నాకూ మధ్య మాట. చదివి పొయ్యిలో పెట్టు.

ఫినా


జోగ్జా,
అక్టోబరు 21.

అక్కా,

విచారణ కమిటీ (అధ్యక్షుడు నేనే, సభ్యుడు నేనే, టీ తెచ్చేదీ నేనే) సమావేశమై నీ కేసును ఆసాంతం పరిశీలించింది. తీర్పు: తప్పే. శిక్ష: నేను వచ్చినప్పుడు మూడు కోళ్ళు.

పరిహాసం పక్కనపెట్టి చెప్తున్నాను. తప్పే, కానీ దిద్దుకోదగిన తప్పు. పెట్టె ఇంట్లో పెట్టేసి వెళ్ళు. మళ్ళీ మొదటినుంచీ చెప్పు. వద్దన్నా నాకు కోపం రాదని చెప్పు. వద్దన్నవాళ్ళ పేరు కొట్టెయ్యి. నీ అంతట నువ్వు అడిగావు చూడు, అక్కడే సగం దిద్దుబాటు అయిపోయింది.

పొయ్యిలో పెట్టమన్నావు. ఇక్కడ మా హాస్టల్లో గ్యాసు స్టవ్వే. దాని మీద ఉత్తరం కాలిస్తే వార్డెను నన్ను కాలుస్తాడు.

ఊరికే, తెలుసుకోవాలని అడుగుతున్నాను. నాయనమ్మ పెట్టె ఎలా ఉండేది? మూత మూలనేదో ఉండేది కదా, గుర్తు రావడంలేదు. లాంబెర్తస్ తాత ఊట దగ్గర అన్నమాట సరిగ్గా అదేనా, ఒక్క ముక్కా మారకుండా? ముద్ర వేసేటప్పుడు ఆడవాళ్ళేమనేవారు? ఇల్లు గుర్తొచ్చి అడుగుతున్నానంతే. తీరిగ్గా రాయి, వివరంగా రాయి.

మెల్కి


ఓయెనాని,
నవంబరు 12.

తమ్ముడూ,

నీ మాట విని మంచి పని చేశాను. అంతకుముందు నవ్వులపాలయ్యాను, అది వేరే సంగతి.

పెట్టె లేకుండా లాంబెర్తస్ తాత ఇంటికి వెళ్ళాను. ఆయన నా చేతులకేసి చూశాడు. నా వెనక్కి చూశాడు.

"పెట్టె ఏదే?"

"ఇవాళ తేలేదు తాతా."

"ఉత్త చేతుల్తో మాట్లాడటానికి నేనేమన్నా కుక్కనా?"

"పెట్టె తెస్తే నువ్వు కాదనలేవు తాతా. కాదనడానికి వీలుండాలనే తేలేదు."

"అంటే నన్ను కాదనమని బతిమాలడానికి వచ్చావన్నమాట" అన్నాడు. అవునన్నాను. "అయితే కాదు" అన్నాడు. అని, జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిచేసినవాడిలా నవ్వాడు. ఉడికిన మొక్కజొన్న పెట్టి పంపాడు.

నూట ఇరవై ఇళ్ళూ తిరిగాను మెల్కీ. పదకొండుమంది వద్దన్నారు. పదకొండు కాగితాలూ పక్కకు తీశాను. ఫిబ్రవరిలో ఆ పెద్దాయన వస్తాడు. జరిగింది నేనే, నా నోటితోనే చెప్తాను. సిఫారసు రాస్తే రాస్తాడు, లేకపోతే లేదు. అందాకా ఎక్కడా అనకు.

నీ ప్రశ్నలకు జవాబులు. పెట్టె తాటాకుది, ఎర్రపూసలది. మూత మూల చిరిగితే నాయనమ్మ ఎవడో డచ్చి సిపాయి కోటు ఇత్తడి బొత్తాం పెట్టి కుట్టింది. సింహం బొమ్మ ఉంటుంది, నువ్వు చిన్నప్పుడు దాన్ని పిల్లి అనేవాడివి. తాత అన్నమాట సరిగ్గా అదే. ఆడవాళ్ళేమన్నారంటే, "ఈ ముద్ర ఉతికితే పోదు ఫినా, మొగుడి మాటలా కాదు" అన్నారు.

నీకు ఇల్లు ఇంతగా గుర్తొస్తోందని పిన్నికి చెప్పాను. ఏడ్చింది.

ఫినా


జోగ్జా,
డిసెంబరు 20.

అక్కా,

టముకు వేయించు! నీ తమ్ముడి ప్రసంగానికి మొదటి బహుమతి. నేపాలు అతని నాలుగు కథలూ కలిసినా నా ఒక్కదానికి సరిరాలేదు. ప్రొఫెసర్ సుకేసి కళ్ళు తుడుచుకుంది. నిజంగా ఏడ్చిందో జావా మర్యాదో మర్నాడు కూడా తెలియలేదు.

దేని గురించి అంటావా? అంతా శాస్త్రం. సమ్మతి, ఆచారం, అధికారం, ఇలాంటి బరువైన మాటలు. నీకు విసుగు. మేఘాల మీద నడుస్తున్నాను, ఇప్పుడేమీ వివరంగా రాయలేను.

బాతిక్ చీరగుడ్డ పంపుతున్నాను. గోధుమరంగు నీకు, నీలం అమ్మకు. క్రిస్మస్ రోజున కట్టుకోండి. ఆ పెద్దాయనతో ఫిబ్రవరిలో మాట్లాడతానన్నావు కదా, తొందరేం లేదు, నిదానంగా చూసుకో.

మెల్కి


ఓయెనాని,
ఫిబ్రవరి 11, 2007.

డాక్టర్ మెల్కియానుస్ తనేవో గారికి,

జనవరి చివర్లో నన్ను సోఎ పట్నానికి పిలిచారు. ఆరోగ్య సిబ్బందికి రెండు రోజులు పరిశోధన నీతిలో శిక్షణ. తమ్ముడు చదివే చదువే కదా అని ఉబ్బిపోయి వెళ్ళాను. నువ్వు పంపిన బాతిక్ కట్టుకుని వెళ్ళాను.

తలా ఒక పుస్తకం ఇచ్చారు. శిక్షణ ఇచ్చే అమ్మాయి, కుపాంగ్‌నుంచి వచ్చింది, చిన్నపిల్ల, "మూడో కథ తియ్యండి" అంది. పైకి చదివింది. ఒక దీవిలో ఒక నర్సు. పేరు సిస్టర్ 'క'. దీవి పేరు మార్చావు. మలేరియాను క్షయ చేశావు. ఎంత జాగ్రత్త! కానీ మూత మూల ఇత్తడి బొత్తాం ఉంచావు. సింహం బొమ్మతో సహా. కథకు పేరు కూడా పెట్టావు: "నేను తీసుకున్నది నీ వక్క."

నా పక్కన కూర్చున్నది యోసిన. పక్క ఊరి నర్సు, లాంబెర్తస్ తాత మనవరాలు. వేలు ఆ వాక్యం మీద పెట్టి నాకేసి తిరిగింది. "ఫినక్కా, ఇది మా తాత మాట కదూ? బొత్తాం మీ పెట్టెదే కదూ?" అంది. మెల్లిగానే అంది. గది చిన్నది.

పాఠం చెప్పే అమ్మాయికి ఏమీ తెలియదు పాపం. "ఈ సిస్టర్ చేసింది తప్పా, ఒప్పా? ఒక్కొక్కరే చెప్పండి" అంది.

"పచ్చి మోసం మేడమ్" అన్నాడు ముందు వరసాయన.

"చదువు తక్కువేమోనండీ, పాపం."

"ఇలాంటివాళ్ళ వల్లే మనందరికీ చెడ్డపేరు."

నా వంతు వచ్చింది. పుస్తకం మూసి పెట్టాను. చివర్లో కాగితం ఇచ్చి, 'ఈ సిస్టరుకు మీరిచ్చే సలహా ఏమిటి?' అని రాయమన్నారు. రాశాను. 'తమ్ముడికి ఉత్తరాలు రాయకూడదు' అని.

కథ ఎక్కడ ఆగిందో నీకు తెలుసు. నూట ఇరవై ఎర్ర ముద్రల దగ్గర ఆగింది. తరవాత ఆవిడ పెట్టె ఇంట్లో పెట్టి నూట ఇరవై గడపలూ మళ్ళీ తొక్కిందని లేదు. తాత కాదని నవ్వాడని లేదు. పదకొండు కాగితాలు లేవు. నువ్వు ప్రసంగం చేసేనాటికే నవంబరు ఉత్తరం నీ దగ్గరుంది. బొత్తాం ఏ ఉత్తరంలోంచి తీసుకున్నావో, ఇదీ ఆ ఉత్తరంలోనే ఉంది.

పెద్దాయన నాలుగో తారీఖున వచ్చాడు. ఆ గదిలో యోసిన అన్నమాట అప్పటికే ఆయన చెవిన పడింది. నేను నోరు తెరిచేలోపే సంచిలోంచి పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. నేను చెప్పాలని దాచుకున్న మాటలన్నీ అప్పటికే అచ్చయిపోయి ఉన్నాయి. తరవాత నేనేం చెప్పినా, పట్టుబడ్డాక చెప్పినట్టే అయింది. ఓయెనానిని పరిశోధనలోంచి తీసేశారు. ఈ ఏటి పర్మనెంటు జాబితాలో నా పేరు లేదు.

అది కూడా ఓర్చుకుంటాను. తొమ్మిదేళ్ళు ఓర్చినదాన్ని.

ఆదివారం ప్రార్థన అయ్యాక లాంబెర్తస్ తాత మా ఇంటి ముందు ఆగాడు. "ఫినా, నా రక్తం అడిగితే ఇవ్వనన్నాను. విన్నావు. నా మాట మాత్రం అడక్కుండానే జావా దాకా పట్టుకుపోయారే" అన్నాడు. తమ్ముడికి రాశానని చెప్పాను. లోపలికి రమ్మని పెట్టె చాపాను. ఆయన పెట్టెకేసి చూశాడు. తన సంచిలోంచి తన వక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఆ రోజునుంచీ ఈ ఊళ్ళో నా పెట్టెలో ఎవరూ చెయ్యి పెట్టడంలేదు. సూదిమందుకు వస్తారు, కట్లు కట్టించుకుంటారు, వెళ్ళిపోతారు.

నీకు అక్షరాలు నేర్పింది నేను. మొక్కజొన్న పొత్తు రేకుల మీద, బొగ్గుముక్కతో.

అడోల్ఫినా


జోగ్జా,
మార్చి 3.

అక్కా,

ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టాను. మొదటిదాంట్లో 'ముద్దాయి బోనెక్కెను' అని రాశాను. చింపేశాను. నాకు వేరే విధంగా మాట్లాడటం రాదని ఇప్పుడే తెలిసింది.

నా వాదన ఏమిటంటే, పేర్లు మార్చాను. ఊరు మార్చాను, రోగం మార్చాను. బొత్తాం తీసేద్దామనుకున్నాను. అది తీసేస్తే కథ మామూలుదైపోతుందనిపించింది.

ఆ తరవాతి సగం ఎందుకు రాయలేదని అడిగావు. అడగలేదు, కానీ అడిగినట్టే ఉంది. తప్పు చూపించే కథ కావాలన్నారు. దిద్దుకున్న తప్పు పాఠానికి పనికిరాదనుకున్నాను. సిస్టర్ 'క' మంచిదైపోతే బహుమతి రాదనుకున్నాను. ఇది నిజం. ఎక్కువ అందంగా రాయడం చేతకాలేదు.

ప్రసంగానికి ముందు ఒక ఫారం ఇచ్చారు. 'ఈ కథ చెప్పినవారి అనుమతి తీసుకున్నారా?' అని ఒక గడి. అవునని టిక్కు పెట్టాను. తరవాత అడుగుదాంలే అనుకున్నాను. అడిగితే నువ్వు వద్దంటావని తెలుసు.

నిన్న ప్రొఫెసర్ సుకేసి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. "మూడో వాక్యానికి ఏడాదెందుకని అడిగింది నువ్వే కదా నాన్నా" అంది. ఈసారి తిట్టని అప్పుడే తెలిసింది. బహుమతి వెనక్కి తీసుకున్నారు. పెద్దాయనకూ, జిల్లాకూ నవంబరులో నువ్వు చేసిందంతా రాసి పంపాను. ఆలస్యమైందని తెలుసు.

పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారు. కథ మొత్తం, నువ్వు రెండోసారి ఇల్లిల్లూ తిరిగిన భాగంతో సహా వేద్దామంటున్నారు. అది వస్తే నీ పేరు నిలబడుతుంది. ఈసారి అడుగుతున్నాను. సమ్మతి పత్రం జతచేశాను. నీకు తెలిసిన భాషే: 'ఏ సమయంలోనైనా విరమించుకోవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. అందువల్ల మీకు రావలసిన ఏ సేవకూ లోటు జరగదు.'

ఈస్టరుకు వస్తాను. నన్ను ఏమన్నా అను. పెట్టె మాత్రం బయట పెట్టి ఉంచు. ఊళ్ళో అందరికన్నా ముందు నేను చెయ్యి పెడతాను.

నీ తమ్ముడు


ఓయెనాని,
మార్చి 24.

మెల్కీ,

కాగితం నింపి పంపుతున్నాను. 'సమ్మతించను' అన్న గడిలో ఎర్రగా ఉన్నది నా బొటనవేలే. సంతకం రానిదాన్ని కాదు. కానీ ఈ ఊళ్ళో ఒక ముద్రకు ఎంత బరువో చూసి నువ్వు బహుమతి తెచ్చుకున్నావు కదా, ఆ బరువుతోనే పంపుదామనిపించింది. ఒక్కదాన్నే కూర్చుని నమిలాను. ఉతికితే పోదు.

కారణం చెప్పనక్కరలేదని మీ కాగితంలోనే ఉంది. చెప్పను.

పేరు నిలబెడతానన్నావు. నాయనమ్మ పెట్టెతో నేను వాళ్ళను కాదనలేకుండా చేసినట్టే, నా పేరు చూపించి నువ్వు నన్ను చెయ్యబోతున్నావు. ఆ మాయ నాకు తెలుసు. నేనే చేశాను కనుక తెలుసు.

నా ఉత్తరాలన్నీ తిరిగి పంపు. మా ఇంట్లో పొయ్యి ఉంది.

ఈస్టరుకు రా. పిన్ని ఎదురుచూస్తోంది. బస్సులో నిమ్మకాయ దగ్గర పెట్టుకో. వేడినీళ్ళుంటాయి, బీన్సు వేసిన మొక్కజొన్న గంజి ఉంటుంది, నువ్వు అడిగిన పచ్చిమిరపకాయలుంటాయి, కిటికీ పక్క చాప నీదే. నీకు రావలసిన ఏ సేవకూ లోటు జరగదు.

పెట్టె మాత్రం అటక మీద ఉంటుంది.

అడోల్ఫినా